జీవిత చరిత్ర చెప్పేది, చెప్పనిది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



జీవిత చరిత్రలు చదివితే రాజకీయ నాయకులు నిజంగా అర్థమవుతారా అన్న విషయం మీద నన్ను మాట్లాడమన్నారు. నేను ఇంజనీరును, పండితుణ్ణి కాను. కానీ ఈ ప్రశ్న నాకు ఇదే బడిలో, తొమ్మిదో తరగతిలో ఎదురైంది.

ఆ ఏడాది వక్తృత్వ పోటీలో మన తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారి గురించి మాట్లాడాను. 1891 ఫిబ్రవరి 4న జననం, కొన్నాళ్లు లెక్కల అయ్యవారు, తర్వాత వకీలు, స్వాతంత్ర్యోద్యమంలో జైలు, 1956లో లోక్‌సభ స్పీకరు, 1962లో బీహార్ గవర్నరు. అన్నీ గడగడా అప్పజెప్పి మొదటి బహుమతిగా స్టీలు గ్లాసు తెచ్చుకున్నాను. సభ ముగిశాక మా అయ్యవారు పక్కకు పిలిచారు. "పుట్నాడు, చదివినాడు, పెద్దోడైనాడు. బాగుందిరా. ఆయన దేనికోసం నిలబడినాడో ఒక్క మాటన్నా చెప్పినావా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

జవాబు దొరికేసరికి నాకు నలభై ఏళ్లు దాటాయి. అయ్యంగారనగానే మనకు గుర్తొచ్చేది ఆయన వైష్ణవ నిష్ఠ, సంస్కృతాభిమానం, తిరుపతి సంస్కృత విద్యాపీఠం. అవన్నీ నిజమే. కానీ 1948 ఏప్రిల్ 3 నాటి సభా చర్చలు చూడండి. గాంధీజీ హత్య జరిగి రెండు నెలలే దాటింది. మతం, జాతి, కులం చూసి సభ్యత్వం ఇచ్చే సంస్థలు తమవారి మత, సాంస్కృతిక, సామాజిక, విద్యా అవసరాలకు మించి మరే పనుల్లోనూ దిగకూడదని ఆ రోజు తీర్మానం పెట్టింది ఈ అయ్యంగారే. నెహ్రూ సమర్థించారు, సభ ఆమోదించింది. అమ్మవారి ఊళ్లో పుట్టిన వైష్ణవుడే మతాన్ని రాజకీయాలతో కలపొద్దన్నారు. ఈ రెండూ కలిపి చూస్తేనే మనిషి కనిపిస్తాడు. నా గ్లాసు ప్రసంగంలో సగం మనిషే ఉన్నాడు.

మరి నాయకుడే స్వయంగా రాసుకుంటే? టంగుటూరి ప్రకాశం గారి 'నా జీవిత యాత్ర' ఉంది. మొదటి మూడు భాగాలు ఆయన రాసుకున్నవి. నాలుగోది తెన్నేటి విశ్వనాథం గారు రాశారు. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం గారు ముఖ్యమంత్రి అయితే, తెన్నేటి వారు ఆర్థిక మంత్రి. 1954 నవంబరులో ఆ ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంతో పడిపోయింది. అంటే ఆ కథ చెప్పేవారు సాక్షీ అవుతారు, ఒక పక్షమూ అవుతారు. అందుకని ఆ పుస్తకం పక్కన పెట్టాలని నేననను. దగ్గరుండి చూసినవారికి తెలిసింది మరొకరికి తెలియదు. అయితే ఎదుటి పక్షం మాట కూడా వినాలి.

ఇది నాకు నా ఉద్యోగం నేర్పింది. ఇరవై ఆరేళ్ల వయసులో ఒక చెరువు కట్ట మరమ్మతు చూశాను. పని మధ్యలో ఒకచోట కట్ట జారితే తిరిగి కట్టించాం. కంప్లీషన్ రిపోర్టులో ఆ సంగతి నేను రాయలేదు. మంచి పనికి మచ్చ ఎందుకు అనుకున్నాను. నాకు బదిలీ అయింది. మూడో ఏడు వానలకు సరిగ్గా అక్కడే ఊట మొదలైంది. కొత్తగా వచ్చిన ఇంజనీరుకు కారణం అంతుపట్టలేదు. ఊరివాళ్లు రాత్రంతా ఇసుక మూటలు మోశారు. చివరికి ఆయనకు దారి చూపింది పాత ఎం.బుక్. ఏ రోజు ఎంత పని జరిగిందో కొలిచి రాసే పుస్తకం అది. అందులో చెరపకూడదు. తప్పు పడితే కొట్టేసి సంతకం పెట్టాలి. అక్కడ ఒకేచోట రెండుసార్లు మట్టి పోసినట్టు నా చేతి రాతతోనే ఉంది. రిపోర్టులో నేను దాచింది ఎం.బుక్ దాచలేదు.

జీవిత చరిత్ర కంప్లీషన్ రిపోర్టు లాంటిది. పని మొత్తం ఒక్క చూపులో తెలుస్తుంది, అది లేకుండా కుదరదు. సభా చర్చలు, ఉత్తరాలు, ఆనాటి పత్రికలు ఎం.బుక్ లాంటివి. చదవడానికి విసుగే, కానీ కట్ట ఎక్కడ జారిందో చెప్పేవి అవే. జారిన చోటు తెలిస్తే నాయకుడి విలువ తగ్గదు. తర్వాత వచ్చేవాళ్లు అక్కడ జాగ్రత్త పడతారు.

చివరగా ఒక విన్నపం. వచ్చే ఏడు నుంచి వక్తృత్వ పోటీలో ఒక బహుమతి నేనిస్తాను. ఒక నాయకుడి గురించి రెండు చోట్ల చదివి, ఆ రెండూ ఎక్కడ కలవలేదో చెప్పిన బిడ్డకు అది ఇవ్వాలి. బహుమతి స్టీలు గ్లాసే. ఆనాడు నన్నడిగిన అయ్యవారు ఈ రోజు మన మధ్య లేరు. ఆయన ప్రశ్న మాత్రం ఈ బడిలో ఉండిపోవాలని నా కోరిక.

సెలవు.