కంప్యూటరు తెర నల్లబడినప్పుడు

(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరమును ఈ వేదికపై మేము పరీక్షా ఫలితములను గూర్చియు, మాతృభాష విలువను గూర్చియు మాటలాడుచు వచ్చితిమి. మాతృభాషను గూర్చి మీకు తెలియనిది మేము చెప్పగలిగినది లేదు. బాగేపల్లి సంతలో బేరమాడువారికిని, చింతామణిలో సరుకు దింపించువారికిని తెలుగు మాటలాడుట ఎవరును నేర్పలేదు. కావున ఈ యేడు వేరొక విషయమును ఎన్నుకొంటిమి. మీలో 46 మంది తలకు 100 రూపాయల చొప్పున చందా వేసికొని పాఠశాలకు కొనియిచ్చిన గ్రాఫిక్స్ కార్డు కథ అది. డబ్బు మీది గనుక లెక్క చెప్పవలసిన భారము మాపై నున్నది.

సంగతి ఇట్లు మొదలైనది. 2024వ సంవత్సరమున ఒక దాత పాఠశాలకు పెద్ద టీవీ నొకదానిని ఇచ్చిరి. భూగోళ పటములు, గుండె పనిచేయు విధము, గణితపు రేఖాచిత్రములు దానిపై చూపవచ్చునని మేము సంబరపడితిమి. కాని టీవీకి ఉన్నది హెచ్.డి.ఎం.ఐ. పోర్టు, మన పాత కంప్యూటరు వెనుక నున్నది 15 రంధ్రముల వి.జి.ఎ. పోర్టు ఒక్కటే. ఒకటి తెలుగును, మరొకటి జపాను భాషయు మాటలాడు ఇద్దరిని ఎదురెదురుగా కూర్చుండబెట్టినట్లయినది. అప్పుడు ఒక అంగడివారు, “కంప్యూటరులో వేరుగా గ్రాఫిక్స్ కార్డు పెట్టించుడు, సరిపోవును” అని చెప్పిరి. మేము సరే యంటిమి.

ఇక్కడ కొంచెము వివరము అవసరము. కంప్యూటరు లోపల లెక్కలు జరిగినంత మాత్రమున తెరపై బొమ్మ రాదు. ఆ లెక్కలను బొమ్మగా మార్చి తెరకు పంపు భాగము వేరుగా నుండవలయును. 1981లో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును తెచ్చినప్పుడు ఆ భాగము ప్రత్యేకముగా ఒక కార్డుపై నుండెను. కార్డు లేనిదే బొమ్మ లేదు. తరువాత ఖర్చు తగ్గించుటకై దానిని మదర్ బోర్డులోనే కలిపిరి. 2010 మొదలు ఇంటెల్ సంస్థ దానిని ప్రాసెసరుతోనే జతచేసి అమ్మసాగినది. అనగా నేడు మనము పుట్టుకతోనే వచ్చిన దనుకొనునది చరిత్రలో వెనుక వచ్చినది. కొత్తగా పెట్టుచున్నామనుకొను కార్డే ముందటిది!

ఈ పుట్టుకతో వచ్చిన భాగమునకు సొంత జ్ఞాపకశక్తి లేదు. కంప్యూటరుకున్న ర్యాములోనుండియే కొంత తీసికొని వాడుకొనును. ఒకే బోరుబావి నుండి ఇంటికిని, తోటకును నీరు తోడుకొనుట వంటిది అది. వేరుగా పెట్టు కార్డుకు తన బోరు తనకే యుండును. మన తాలూకాలలో బోరు సంగతి ఎవరికిని విప్పి చెప్పనక్కరలేదు. ఐనను అక్షరములు టైపు చేయుటకు, పాఠము చూపుటకు, లెక్కలు వేయుటకు ఉమ్మడి బోరు చాలును. ఈ మాట గుర్తుంచుకొనుడు. దీని అవసరము మరల వచ్చును.

మొదట తెచ్చిన కార్డును పెట్టకుండగనే తిరిగి పంపితిమి. అది వెడల్పుగా, రెండు పంకాలతో ఘనముగా నుండెను. దాని తలపై ఆరు పిన్నుల విద్యుత్ సాకెట్టు ఒకటి కనబడినది. మదర్ బోర్డులోని పొడవాటి పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ స్లాటు కార్డుకు 75 వాట్ల వరకు మాత్రమే ఇయ్యగలదు. అంతకు మించి కావలసిన కార్డులకు ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెనుండి వేరే తీగ రావలయును. మన పెట్టెలో ఆ తీగయే లేదు. అంగడి కుర్రవాడు, “అతుకు వైరు వేసి ఇస్తాను” అనెను. మేము వలదంటిమి. పంపుసెట్లు మొదలు కాగానే దీపములు మినుకు మినుకుమను మన ఊళ్ళలో, పాత పెట్టెపై అతుకు తీగతో అంత బరువు మోపుట నిప్పుతో ఆటయే. రెండవసారి తెచ్చినది 30 వాట్లు మాత్రము తినునది, చిన్నది, అదనపు తీగ అక్కరలేనిది. దానికి వి.జి.ఎ., హెచ్.డి.ఎం.ఐ. రెండును ఉండెను.

దానిని మేమే బిగించితిమి. ఇక్కడ మా తప్పు ఒప్పుకొనవలయును. మన జిల్లాలోని ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి పేరు చెప్పి ఇంజనీర్లు కండని పిల్లలకు ఇన్నేండ్లు బోధించిన మేము, నాలుగు స్క్రూలు విప్పుటకు చెమటలు పట్టి నిలిచితిమి. తీగ పీకి, ఇనుప పెట్టెను చేతితో తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును పోగొట్టుకొని, కార్డును స్లాటులో పెట్టి, స్క్రూ బిగించి, మూత వేసితిమి. పాత మానిటరు తీగను ఎప్పటి చోటనే ఉంచి, టీవీని కార్డుకు కలిపితిమి. మానిటరు ఎప్పటివలెనే వెలిగెను. టీవీ మాత్రము “సిగ్నల్ లేదు” అనెను.

రెండు దినములు మేము టీవీని అనుమానించితిమి, తీగను అనుమానించితిమి, చివరకు కార్డునే అనుమానించితిమి. అంగడికి తీసికొనిపోగా అక్కడి కంప్యూటరులో కార్డు చక్కగా పనిచేసినది! పాత మానిటరు పాత పోర్టులో వెలుగుచునే యుండుట ఒక సాక్ష్యమని మాకు అప్పుడు తోచలేదు. మన వంటి కంప్యూటర్లు చాలవరకు, కార్డు తమకు కనబడినచో పుట్టుకతో వచ్చిన భాగమును పక్కకు పెట్టును. అది ఇంకను వెలుగుచున్నదనగా, కార్డు వచ్చినట్లు కంప్యూటరుకు తెలియనే లేదన్నమాట. మరల తెచ్చి మూత తీసి చూడగా, కార్డు ఒక కొన స్లాటులో వడ్లగింజ మందము పైకి లేచి యున్నది. వెనుకనున్న రేకు పెట్టె అంచుకు తగిలి దానిని దిగనీయలేదు. స్క్రూ బిగించిన కొలది ఆ కొన మరింత లేచినది. స్క్రూ వదలు చేసి, రేకును సరిచేసి, రెండు బొటనవ్రేళ్ళతో సమముగా నొక్కగా, స్లాటు చివరనున్న చిన్న కొక్కెము టక్కున పడినది.

అది ఆగస్టు 14వ తేది సాయంకాలము. మరునాటి ఏర్పాట్ల కొరకు మీలో పలువురు వచ్చి యుంటిరి. మీ యెదుటనే మీట నొక్కితిమి. అంతవరకు వెలిగిన మానిటరు గూడ నల్లబడినది. టీవీ ఆ దినము పెద్ద హాలులో నుండెను. గదిలో ఉన్న తెర అదొక్కటే. ఆ నిశ్శబ్దము మీకును జ్ఞాపకముండును. “దుడ్డంతా పోయినట్లేనా సార్?” అని ఒకరు అడిగిరి. మరొక తండ్రిగారు నవ్వుచు అన్నమాట మాకు నేటికిని మరపు రాలేదు: “పుట్టుకతో వచ్చిండేది, కొత్తది పెడతానే ఆరిపోయిందే సార్!” వారు కంప్యూటరును గూర్చియే అనిరో, తమ బిడ్డ చదువును గూర్చి అనిరో, మాకు తెలియదు. వారి జేబులో ఆ దినమున టి.సి. కొరకు వ్రాసిన అర్జీ ఉన్నదని తరువాత తెలిసినది. మేము జవాబు చెప్పలేకపోతిమి.

తొమ్మిదవ తరగతి బాలిక ఒకతె కంప్యూటరు వెనుకకు వంగి చూచి, “సార్, ఇట్లాంటి రంధ్రాలు రెండున్నాయి; పైది నిలువుగా ఉంది, కిందిది అడ్డంగా ఉంది” అని చెప్పినది. నిలువుగా నున్నది మదర్ బోర్డుది, అడ్డముగా నున్నది కార్డుది. మానిటరు తీగ ఇంకను నిలువుదానిలోనే యున్నది. దానిని పీకి అడ్డముదానిలో పెట్టగానే తెర వెలిగెను. మేము చావు అనుకొనినది నిజముగా కార్డు పనిచేయుట మొదలైనదనుటకు గుర్తు! బొమ్మ వేరొక ద్వారమున పోవుచుండగా మేము మూసిన తలుపువద్ద కాచుకొని కూర్చుంటిమి.

తరువాత పనులు చిన్నవి. బొమ్మ వచ్చినను అక్షరములు మొద్దుగా నుండెను. కార్డు తయారుచేసిన వారి డ్రైవరు వేయగా సరిపోయినవి. టీవీలో శబ్దము రాలేదు, శబ్దము హెచ్.డి.ఎం.ఐ. ద్వారా పోవునట్లు మార్చితిమి. టీవీ అంచులలో బొమ్మ కత్తిరించినట్లుండెను. టీవీ అమరికలోనే దానికి మందు దొరికినది.

పెద్దది మరొకటి యున్నది. కంప్యూటరు మొదలగునప్పుడు బయాస్ అను అమరికలోనికి పోవచ్చును. అక్కడ ఏ చిత్రభాగము ముందు అను ప్రశ్న కలదు. కొన్ని కంప్యూటర్లలో రెంటిని ఒకేసారి నడుపుటకును ఏర్పాటున్నది, మనదానిలో నుండెను. దానిని తెరచితిమి. ఇప్పుడు కార్డు టీవీకి బొమ్మ పంపుచున్నది, పుట్టుకతో వచ్చినది ఉపాధ్యాయుల మానిటరుకు పంపుచున్నది. ఒకటి వెలిగినందున రెండవది ఆరనక్కరలేదు. ఈ సంగతి ఆ తండ్రిగారికి చెప్పవలెనని మేము వారి ఇంటికి పోయితిమి. వారు కాఫీ ఇచ్చి శ్రద్ధగా వినిరి. ఐనను మరుసటి జూన్ మాసమున ఆ అర్జీ మా బల్లపైకి వచ్చినది. టి.సి. మా చేతితోనే వ్రాసి యిచ్చితిమి.

ఆ వేసవి సెలవుల తరువాత కంప్యూటరు తెరువగా మానిటరు మరల నల్లగా నుండెను. ఈసారి మేము భయపడలేదు. తీగను కార్డుకు మార్చి చూడగా బొమ్మ వచ్చినది, తేదీ మాత్రము ఎన్నో యేండ్ల వెనుకటిది. మదర్ బోర్డుపై నాణెము వలె నుండు సి.ఆర్. 2032 బ్యాటరీ అయిపోయినందున బయాస్ మన అమరికను మరచినది. కొత్త బిళ్ళ వేసి, అమరిక తిరిగి పెట్టితిమి. ఇటువంటి వేళ కార్డునుండియు బొమ్మ రానిచో, కరెంటు తీసి కార్డును ఊడదీసి, మానిటరును పాత పోర్టుకు కలిపి చూడుడు. బొమ్మ వచ్చినచో కంప్యూటరు క్షేమము. తప్పు కార్డులోనో, దాని విద్యుత్తులోనో, అది కూర్చున్న తీరులోనో ఉన్నది. ఒకసారి ఒక్కటే మార్చవలయును. రెండు కలిపి మార్చినచో, బాగైనను దేనివలన బాగైనదో తెలియదు.

ఇక లెక్క. మేము తొందరపడితిమని ఒప్పుకొనుచున్నాము. వి.జి.ఎ. బొమ్మను హెచ్.డి.ఎం.ఐ.గా మార్చు చిన్న పెట్టె కొన్ని వందల రూపాయలకే దొరకును. బొమ్మ కొంచెము మసకగా నుండును, శబ్దమునకు వేరు తీగ కావలయును. ఐనను పాఠమునకు అది చాలెడిది. ఆ సంగతి విచారింపకయే మీ డబ్బు ఖర్చుచేసితిమి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణముగా ఇచ్చు రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయినవి. మన పాత కంప్యూటరు విండోస్ 11కు తగదు, ఎంత మంచి కార్డు పెట్టినను తగదు. కావున దానిలో లినక్స్ వేసి నడుపుచున్నాము. తెలుగు అక్షరములు అందులోను చక్కగానే వచ్చుచున్నవి.

మీలో కొందరు పిల్లలకు ఇంటిలో కంప్యూటరు కొనుచున్నారు. అది నెమ్మదిగా నడచుచున్నదని గ్రాఫిక్స్ కార్డు కొనకుడు. ర్యాము పెంచి, ఎస్.ఎస్.డి. వేయించుట మేలు. లాపుటాపులలో చాలవాటికి కార్డు మార్చుటయే వీలుకాదు. కొత్త ప్రాసెసరు కొనునప్పుడు పేరు చివర చూడుడు. ఇంటెల్‌వారి పేరు చివర ‘ఎఫ్’ అను అక్షరమున్నచో అందులో పుట్టుకతో వచ్చిన చిత్రభాగము పనిచేయదు. మదర్ బోర్డుకు పోర్టులు కనబడుచునే యుండును, వాటినుండి బొమ్మ మాత్రము రాదు. తొట్టి యున్నది, బోరు లేదు. అట్టిదానికి కార్డు తప్పనిసరి; ఆ కార్డు చెడిన దినమున పరీక్షించుటకు రెండవ దారి యుండదు.

శనివారము మధ్యాహ్నము కంప్యూటరు గది తెరచి యుంచెదము. ఆ బాలికయు, ఆమె తోడి ముగ్గురును అక్కడ నుందురు. వెనుకనున్న రెండు పోర్టులకును వారు తెలుగున చీటీలు వ్రాసి అంటించినారు. ఇంటి కంప్యూటరును చూపింప దలచినవారు దానితోపాటు మానిటరు తీగను గూడ తప్పక తీసికొని రావలయును. పోయినసారి ఇద్దరు దానిని ఇంటిలోనే మరచి వచ్చిరి.