సూదంటురాయి నుంచి స్కానింగు గది దాకా: అయస్కాంత భ్రామకం అంటే ఏమిటి?

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది సభలో విజ్ఞాన విషయం ఒకటి చెప్పమని కార్యవర్గం వారు మాకు అప్పగించారు. మేము ఎన్నుకున్న విషయం పేరు అయస్కాంత భ్రామకం. పేరు వినగానే, "ఇది పిల్లల పరీక్షల సంగతి, మనకెందుకు?" అని తల్లులు అనుకోవచ్చు. కానీ ఇది మన ఇళ్ళలో మూడు చోట్ల ఉంది. ఖిబ్లా దిక్కు చూసుకునే కుతుబ్‌నుమాలో ఉంది. కీళ్ళనొప్పులు పోతాయని అమ్మే అయస్కాంత కడియం చుట్టూ అల్లిన కబుర్లలో ఉంది. ఆస్పత్రిలో డాక్టరు రాసిచ్చే ఎం.ఆర్.ఐ. స్కానింగులో ఉంది. ఈ మూడింటిలో దేన్ని నమ్మాలో, దేనికి డబ్బు పెట్టాలో, దేని దగ్గర జాగ్రత్త పడాలో తెలియాలంటే ఈ ఒక్క మాట అర్థమైతే చాలు.

కాళ్ళు తిమ్మిరెక్కుతున్నా, "ఆ మిషన్ ఒంట్లో రక్తాన్ని లాగేస్తుందట" అన్న భయంతో స్కానింగును నెలల తరబడి వాయిదా వేసిన పెద్దలను మేము చూశాము. ఆ నెలల్లో కడియాలకూ బెల్టులకూ వేలు పోశారు. రోగం ఆగదు కదా. అందుకే ఈ విషయం.

ముందుగా మాట అర్థం చూద్దాం. తలుపును కీలు దగ్గర తోసి చూడండి, గట్టిగా తోసినా కదలదు. గడియ దగ్గర వేలితో నెట్టినా తిరుగుతుంది. అంటే తిప్పడానికి బలం ఒక్కటే చాలదు, ఆ బలం ఎంత దూరంలో పడుతుందన్నది కూడా లెక్కే. ఈ తిప్పే గుణానికే శాస్త్రంలో భ్రామకం అని పేరు. భ్రమణం అంటే తిరగడం కదా, దాని చుట్టమే ఈ మాట. ఒక అయస్కాంతాన్ని మరో అయస్కాంత క్షేత్రంలో పెట్టినప్పుడు అది ఎంత గట్టిగా తిరగజూస్తుందో చెప్పే కొలతే అయస్కాంత భ్రామకం.

పిల్లలు ఇంట్లో ఒక ప్రయోగం చేయవచ్చు. ఒక సూదిని అయస్కాంతానికి ఒకే దిక్కుగా ఇరవై, ముప్పై సార్లు రుద్దండి. బెండు ముక్క మీద పెట్టి, ప్లాస్టిక్ బేసిన్‌లోని నీళ్ళలో వదలండి. సూది మెల్లగా తిరిగి ఉత్తర దక్షిణాలుగా నిలబడుతుంది. ఇప్పుడు అసలు సంగతి గమనించండి. సూది ఉత్తరానికి తిరిగింది గాని, ఉత్తరపు ఒడ్డుకు ఈదుకుంటూ పోలేదు. ఎందుకని? భూమి అయస్కాంత క్షేత్రం ఆ బేసిన్‌లో అన్ని చోట్లా ఒకే తీరుగా ఉంది. సూది ఒక కొనను ఎంత బలంతో ఉత్తరానికి లాగుతుందో, రెండో కొనను అంతే బలంతో దక్షిణానికి లాగుతుంది. లాగుడు చెల్లుకు చెల్లు, తిప్పుడు మాత్రం మిగిలింది. లండన్‌లో దిక్సూచులు చేసే రాబర్ట్ నార్మన్ ఈ సంగతిని 1581లోనే పరీక్షించి పుస్తకంలో రాశాడు. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: సమంగా ఉన్న క్షేత్రం తిప్పుతుంది, చోటు చోటుకూ మారే క్షేత్రం లాగుతుంది. స్కానింగు గదికి వెళ్ళాక దీనితోనే మళ్ళీ పని పడుతుంది.

కుతుబ్‌నుమా సంగతి కూడా ఇక్కడే చెప్పుకుందాం. మన సికింద్రాబాదు నుంచి ఖిబ్లా సరిగ్గా పడమర కాదు. పడమర నుంచి ఉత్తరం వైపు సుమారు 13 డిగ్రీలు జరిగి ఉంటుంది. దిక్సూచి ముల్లు చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన ప్రాంతంలో తేడా సుమారు ఒక డిగ్రీ మాత్రమే, కాబట్టి దాని గురించి దిగులు అక్కర్లేదు. కానీ ముల్లును ఇనప బీరువా పక్కన, సెల్‌ఫోను పక్కన పెట్టి చూస్తే తేడా డిగ్రీతో ఆగదు. బీరువాలోని ఇనుముకూ, ఫోను స్పీకరులోని అయస్కాంతానికీ వాటి వాటి భ్రామకాలు ఉన్నాయి. నాలుగు అడుగులు దూరంగా వచ్చి చూసుకోవాలి.

ఇక ఈ గుణం ఎక్కడి నుంచి వస్తుంది? 1820లో డెన్మార్కులో అయిర్‌స్టెడ్ అనే పండితుడు, తీగలో కరెంటు పారితే పక్కనున్న దిక్సూచి ముల్లు కదలడం చూశాడు. అదే ఏడాది ఫ్రాన్సులో ఆంపియర్ దాన్ని ముందుకు తీసుకుపోయాడు. తీగను చుట్టగా చుట్టి కరెంటు పంపితే ఆ చుట్ట అచ్చం అయస్కాంతమే. లెక్క కూడా తేలిక: కరెంటును చుట్ట వైశాల్యంతో గుణించి, దాన్ని చుట్ల సంఖ్యతో గుణిస్తే భ్రామకం వస్తుంది. పది చదరపు సెంటీమీటర్ల చుట్ట, వంద చుట్లు, ఒక ఆంపియర్ కరెంటు అనుకుంటే, భ్రామకం 0.1 ఆంపియర్ చదరపు మీటరు. మన ఇంటి ఫ్యాను, మిక్సీ తిరిగేది ఈ లెక్క మీదే.

మరి సూదంటురాయిలో కరెంటు తీగ ఏది? అక్కడ పని చేసేది ఎలక్ట్రాను. ప్రతి ఎలక్ట్రానుకూ పుట్టుకతోనే ఒక చిన్న అయస్కాంత భ్రామకం ఉంది. 1922లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో స్టెర్న్, గెర్లాక్ అనే ఇద్దరు వెండి ఆవిరిని సన్నని ధారగా చేసి, చోటు చోటుకూ మారే క్షేత్రం గుండా పంపారు. ధార ఒకే మచ్చగా పరుచుకోకుండా రెండుగా చీలింది. పరమాణువుల భ్రామకం ఇష్టం వచ్చిన దిక్కుకు కాక, లెక్క ప్రకారం కొన్ని దిక్కులకే నిలబడుతుందని అలా రుజువైంది. ఇనుములో ఈ చిన్న భ్రామకాలు గుంపులు గుంపులుగా ఒకే వైపు నిలుస్తాయి, అందుకే అది బలమైన అయస్కాంతం అవుతుంది. సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడు దాటి కాలిస్తే ఆ వరుస చెదిరి, అయస్కాంతం మామూలు ఇనుమైపోతుంది.

ఇనుము లేని వస్తువుల మాటేమిటి? ఇక్కడ మన ఊరికి సంబంధించిన ఒక పేరు విద్యార్థులు తెలుసుకోవాలి. కృష్ణా జిల్లాలో 1909లో పుట్టి, హైదరాబాదు నిజాం కాలేజీలో చదివిన సూరి భగవంతం గారు కలకత్తా వెళ్ళి సి.వి. రామన్ గారి దగ్గర చేరారు. బట్టల్లో వేసుకునే కలరా ఉండలు ఉన్నాయే, ఆ నాఫ్తలీన్ స్ఫటికాల అయస్కాంత గుణం ఒక్కో దిక్కులో ఒక్కో విధంగా ఉంటుందన్న విషయం మీద 1929లో పరిశోధన ప్రకటించారు. అప్పటికి వారి వయసు సుమారు ఇరవై ఏళ్ళు. తర్వాత 1950లలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరు అయ్యారు. చదువుకు కావలసింది ఖరీదైన వస్తువులు కాదు, కలరా ఉండలో కూడా ప్రశ్న వెదికే చూపు అని దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

భూమికి కూడా భ్రామకం ఉంది. 8 పక్కన 22 సున్నాలు పెడితే ఎంతో, అన్ని ఆంపియర్ చదరపు మీటర్లు. దాన్ని కనిపెట్టుకుని ఉండే ఆఫీసు మనకు దగ్గర్లోనే ఉంది. సికింద్రాబాదు ఈస్ట్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి నాగోలు వైపు వెళితే మెట్టుగూడ, తార్నాక, హబ్సిగూడ తర్వాత వచ్చే స్టేషన్ పేరే ఎన్.జి.ఆర్.ఐ. అది 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. అక్కడ 1964 నుంచి భూ అయస్కాంత కొలతలు నమోదయ్యాయి. నగరం పెరిగి అలజడి ఎక్కువ కావడంతో, విజయవాడ రోడ్డులోని చౌటుప్పల్ దగ్గర మరో కేంద్రం పెట్టారు.

ఇలాంటి కేంద్రాల్లో వాడే ఒక పరికరం విచిత్రంగా ఉంటుంది. ఒక సీసాలో నీళ్ళో, కిరసనాయిలో పోస్తారు. వాటిలోని హైడ్రోజన్ పరమాణువు గర్భంలో ప్రోటాను ఉంటుంది. దానికీ భ్రామకం ఉంది, కాకపోతే ఎలక్ట్రాను భ్రామకంలో సుమారు 658వ వంతు. చుట్ట ద్వారా కరెంటు పంపి ప్రోటాన్లను ఒక పక్కకు తిప్పి, ఠక్కున కరెంటు ఆపేస్తారు. అప్పుడవి ఒరిగిన బొంగరాల్లా భూమి క్షేత్రం చుట్టూ తిరుగుతాయి. మన హైదరాబాదులో సెకనుకు సుమారు 1,800 సార్లు. ఆ సంకేతాన్ని స్పీకరుకు కలిపితే చెవికి వినబడే ఈల. క్షేత్రం బలం మారితే ఈల స్థాయి మారుతుంది. ఈలను కొలిచి భూమి బలాన్ని చెబుతారు.

ఎం.ఆర్.ఐ. స్కానింగు కూడా ఇదే పని. సీసా బదులు మన శరీరం, అంతే. ఒంట్లో ఎక్కువ భాగం నీరే కదా. ఆస్పత్రుల్లో సాధారణంగా ఉండే 1.5 టెస్లా అయస్కాంతం మన ఊరి భూమి క్షేత్రానికి సుమారు 35 వేల రెట్లు. అందులో ప్రోటాన్లు సెకనుకు దాదాపు 6 కోట్ల 40 లక్షల సార్లు తిరుగుతాయి. అది రేడియో తరంగాల స్థాయి. ఇందులో ఎక్స్‌రే లేదు, ఒంట్లో కరెంటు పెట్టడం లేదు. పది లక్షల ప్రోటాన్లలో ఐదు మాత్రమే ఎక్కువగా క్షేత్రం వైపు నిలుస్తాయి. ఆ ఐదింటి సంకేతంతోనే వెన్నుపూస, మెదడు బొమ్మ గీస్తారు. 1946లో బ్లాక్, పర్సెల్ అనే శాస్త్రజ్ఞులు ఈ సంకేతాన్ని పట్టారు. 1973లో లాటర్‌బర్ దానితో బొమ్మ తీయవచ్చని చూపాడు. 2003లో ఆయనకూ, మాన్స్‌ఫీల్డ్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు "రక్తంలో ఇనుము" సంగతి. 1936లో పౌలింగ్, కొరియెల్ అనే ఇద్దరు రక్తం అయస్కాంత భ్రామకాన్నే కొలిచారు. ఆక్సిజన్ ఉన్న రక్తాన్ని అయస్కాంతం లాగకపోగా అతి స్వల్పంగా నెడుతుంది. ఆక్సిజన్ వదిలిన రక్తాన్ని అతి స్వల్పంగా లాగుతుంది. రక్తంలోని ఇనుము మేకులోని ఇనుములా గుంపు కట్టి ఉండదు, ఒక్కో అణువు ఒంటరిగా ఉంటుంది. కాబట్టి స్కానింగు మిషన్ రక్తాన్ని లాగేయదు. అదే లెక్కన ఆలోచించండి: అంత పెద్ద అయస్కాంతమే రక్తాన్ని కదిలించలేనప్పుడు, మణికట్టు మీది చిన్న బిళ్ళ ఏం కదిలిస్తుంది? నొప్పుల మీద జరిగిన పరీక్షలను కలిపి చూసి, ఇలాంటి అయస్కాంతాలను నొప్పి మందుగా సిఫారసు చేయలేమని 2007లో కెనడా వైద్య సంఘం పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. సరదాకు తొడుక్కుంటే ఎవరూ కాదనరు. దాన్ని నమ్మి మందు మానేస్తే మాత్రం నష్టం మనదే.

మరి స్కానింగులో అపాయమే లేదా? ఉంది. ఇందాకటి సూత్రం గుర్తు తెచ్చుకోండి. గొట్టం నడుమ క్షేత్రం సమంగా ఉంటుంది, గొట్టం నోటి దగ్గర వేగంగా మారుతుంది. అక్కడే ఇనుమును లాగుతుంది. ఆక్సిజన్ సిలిండరు, చక్రాల కుర్చీ కూడా ఎగిరి పడతాయి. మిషన్ పని చేయనట్టు కనబడినా అయస్కాంతం రాత్రింబగళ్ళు పని చేస్తూనే ఉంటుంది. అందుకని మన కుటుంబాలకు కొన్ని మనవులు:

గుండెలో పేస్‌మేకర్ ఉన్నా, చెవిలో యంత్రం అమర్చినా, తలలో క్లిప్పు వేసినా, ఎముకకు రాడ్డు వేసినా ముందే చెప్పాలి. ఆపరేషన్ కాగితాలు వెంట తీసుకెళ్ళాలి.

వెల్డింగు, గ్రైండింగు, లేతు పని చేసేవారు మన సభ్యుల్లో చాలామంది ఉన్నారు. ఎప్పుడో కంట్లో ఇనప రజను పడి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పాలి. కంట్లో మిగిలిన రవ్వ కదిలితే చూపు పోవచ్చు.

అక్కచెల్లెళ్ళు దుపట్టా, హిజాబు పిన్నులు అన్నీ తీసేయాలి. రేకు డబ్బీలో ఉన్న తావీజును కూడా తీసి ఇంటివారి చేతికి ఇవ్వాలి.

ఇంకొకటి. ఈ మధ్య హిజాబుకు అయస్కాంతపు బొత్తాలు వస్తున్నాయి, పిల్లల ఆటవస్తువుల్లోనూ చిన్న చిన్న అయస్కాంత గుండ్లు ఉంటున్నాయి. పసిపిల్లలు రెండు మింగితే, పేగుకు అటూ ఇటూ చేరి ఒకదాన్నొకటి లాక్కుని పేగుకు చిల్లి వేస్తాయి. మింగారని అనుమానం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి.

విద్యార్థులకు చివరగా ఒక మాట. "అయస్కాంత భ్రామకాన్ని నిర్వచించుము" అన్న ప్రశ్నకు మార్కుల కోసం రెండు పంక్తులు బట్టీ పట్టేయకండి. బేసిన్‌లో సూదిని ఒక్కసారి తిప్పి చూడండి, చూసింది ఇంట్లో అమ్మకూ నానమ్మకూ చెప్పండి. రేపు డాక్టరు స్కానింగు రాసినప్పుడు ఇంట్లో ధైర్యం చెప్పవలసింది మీరే. పైన చెప్పిన మనవులను ఒక కాగితం మీద రాసి సంఘం కార్యాలయం నోటీసు బోర్డుకు పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాము. స్కానింగుకు వెళ్ళే పెద్దలకు తోడు కావాలంటే మన యువకులు వెంట వెళ్ళేలా ఏర్పాటు చేయమని కూడా కోరుతున్నాము.