బిట్‌కాయిను ధరయు, వడ్డీరేటులును
(పఠనమందిరమునం జేసిన యుపన్యాసపాఠము)



బిట్‌కాయిను ఏ ప్రభుత్వమునకును లోబడదనియు, ఏ బ్యాంకును దాని విలువను చెఱుపజాలదనియు వాదించువారు మన పట్టణములలో పెక్కురు కలరు. ఈ వాదమున సగము నిజము లేకపోలేదు. 2009వ సంవత్సరమున పుట్టిన ఈ నాణెములు 2 కోట్ల 10 లక్షలకు మించరాదని దాని నియమములలోనే యున్నది. కాని సంఖ్యను నిర్ణయించుట వేఱు, ధరను నిర్ణయించుట వేఱు. ధర కొనువాని చేతనున్న రొక్కమును బట్టి యుండును. ఆ రొక్కమునకు వెల కట్టువారిలో ముఖ్యులు వాషింగ్టను నగరమందలి ఫెడరల్ రిజర్వువారు.

జరిగిన చరిత్రనే చూతము. 2020 మార్చి 12వ తేదీన కోవిడ్ భయముచే షేర్ల బజారులు కూలినవి. డిజిటల్ బంగారమని పొగడ్త గాంచిన బిట్‌కాయిను ఆనాఁడు నిలిచెనా? ఒక్కదినముననే మూఁడవవంతునకు పైగా పడిపోయెను. రొక్కమున కక్కఱపడినవారు అమ్మగలిగినదెల్ల నమ్మిరి. మూఁడు దినములకు ఫెడరల్ రిజర్వు వడ్డీని సున్నకు చేరువచేసి, బాండ్లను కొనుచు క్రొత్త ధనమును విడిచెను. నిలువసొమ్మునకు ఫలము లేకపోఁగా జనులు షేర్లను, వానితోపాటు బిట్‌కాయినును ఎగఁబడి కొనిరి. 2021 నవంబరున ధర 69 వేల డాలర్లను సమీపించెను.

పిదప కాలము తిరిగెను. 2022 జూను నాఁటికి అమెరికాలో ధరల పెరుగుదల నూటికి 9.1 అయ్యెను. ఆ మార్చినుండియే హెచ్చింపఁబడుచున్న వడ్డీ 2023 జూలై నాఁటికి అయిదుంబావుకు పైఁబడెను. 2022లో నాస్‌డాక్ సూచి ఇంచుమించు మూఁడవవంతు తఱుగఁగా, బిట్‌కాయిను ధర నూటికి అఱువదికి పైగా తఱిగెను. ఇందుకు వడ్డీయొక్కటే కారణమనుట న్యాయము కాదు. ఆ నవంబరుననే ఎఫ్.టి.ఎక్స్. అను మారకపుసంస్థ దివాలా తీసినది.

ఇట్లేల జరుగును? బాండు వడ్డీనిచ్చును, పొలము కౌలునిచ్చును, షేరు లాభమున భాగమునిచ్చును. బిట్‌కాయిను ఏమియు నీయదు. రేపు మఱియొకఁడు హెచ్చుధరకు కొనుననునదే దాని యాశ. భద్రమైన సర్కారుబాండు నూటికి అయిదిచ్చునపుడు ఆ యాశకై కూర్చుండుట ఖరీదగును. మఱియు పెద్ద పెట్టుబడిదారులు షేర్లను, దీనిని ఒక్క చేతనే పట్టియుందురు. ఒకదాన నష్టము వచ్చిన రెండవదాని నమ్ముదురు. 2024 జనవరిలో దీని ఫండ్లకు అమెరికా బజారులలో అనుమతి లభించిన పిమ్మట ఆ ముడి మఱింత బిగిసెను.

2024 ఆగస్టు 5వ తేదీని స్మరింపుఁడు. జపాను బ్యాంకు వడ్డీని పావుశాతమునకు పెంచి వారమైనను కాలేదు. అమెరికా ఉద్యోగముల లెక్కలును నిరుత్సాహకరముగ వచ్చినవి. చవుకవడ్డీకి యెన్లు అప్పుతెచ్చి పరదేశపు టాస్తులు కొన్నవారు తొందరపడి అమ్మిరి. టోకియో సూచి ఒక్కనాఁడే నూటికి 12కు పైగా పడెను. బిట్‌కాయిను 50 వేల డాలర్లకు దిగువను తాఁకెను. విజయవాడలో సెల్‌ఫోను చూచుకొను యువకునకు ఆ జపాను పావుశాతము ఎట్లు తెలియును?

అయితే అపవాదములు లేకపోలేదు. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలినపుడు బ్యాంకుల షేర్లు పడఁగా బిట్‌కాయిను పెరిగెను. దీనిని దాఁచుట మాకు సమ్మతము కాదు.

న్యాయవాదులము గనుక ఒక్కమాట. 2020 మార్చి 4వ తేదీన సుప్రీంకోర్టు రిజర్వుబ్యాంకు 2018 నాఁటి సర్క్యులరును కొట్టివేసినది. అది బ్యాంకుసేవలను నిలుపుట మితిమీరినదన్న తీర్పే కాని, ఈ వ్యాపారమునకు హామీ కాదు. 2022 ఏప్రిల్ 1వ తేదీన అమలులోనికి వచ్చిన పన్ను నిబంధన ప్రకారము లాభముపై నూటికి 30 చెల్లింపవలెను. నష్టమును దేనికిని చెల్లువేసికొనరాదు. ఒక నాణెముపై లక్షరూపాయలు గడించి, మఱియొక నాణెముపై లక్ష పోఁగొట్టుకొన్నవాఁడు చేత కాసు మిగులకయే 30 వేలు పన్ను కట్టవలెను, సెస్సు వేఱు.