ముందు దువ్వెన, తర్వాత కత్తెర

(సంఘం వార్షిక కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించి, క్యాంటీన్ కార్డు గురించి, ఇ.సి.హెచ్.ఎస్. గురించి మాట్లాడడానికి మన సంఘంలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉన్నారు. కార్యదర్శిగారు నాతో, "సుబేదార్ గారూ, ఈసారి చిన్న పిల్లల తల్లిదండ్రులకి పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. నేను ఇంటర్ చదివి ఫౌజులో చేరినవాణ్ణి. పెద్ద పెద్ద విషయాల జోలికి పోను. ప్రతి ఇంట్లో ఎదురయ్యే చిన్న పని ఒకటి ఎంచుకున్నాను. రెండేళ్ళు, మూడేళ్ళ పసివాడికి ఇంట్లోనే జుట్టు కత్తిరించడం. నవ్వుతున్నారు, నవ్వండి. ఆ పని మొదలుపెట్టి, పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తుంటే సగంలో కత్తెర కింద పెట్టేసినవాళ్ళు ఈ సభలో చాలామందే ఉంటారని నాకు తెలుసు.

జుట్టు విషయంలో ఫౌజీకి ఒకటే పద్ధతి అలవాటు. 1988లో నేను బెంగళూరు ఎం.ఇ.జి. సెంటర్‌లో రిక్రూటుగా దిగినప్పుడు మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి మెషిన్ పెట్టారు. తలకి రెండు నిమిషాలు పట్టలేదు. లేచి అద్దంలో చూసుకుంటే పక్కవాడెవడో, నేనెవడో తెలియలేదు. దానికి కారణాలున్నాయి. హెల్మెట్ సరిగ్గా కూర్చోవాలి. పదుల మంది కలిసి పడుకునే బ్యారక్‌లో పేలు పట్టకూడదు. అందరూ ఒక్కలా కనబడాలి. పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి అది మంచిదే. కానీ మనలో చాలామంది ఇంటికొచ్చి రెండేళ్ళవాణ్ణి కూడా సావధాన్‌లో కూర్చోబెట్టాలని చూస్తారు. వాడికి ఆర్డర్ తెలియదు, ఇన్‌స్పెక్షన్ తెలియదు. తల మీద ఏదో చప్పుడు చేస్తున్న వస్తువు ఉందని మాత్రం తెలుసు. ఆ వస్తువు వాడికి కనబడదు కూడా. కనబడని దానికి పెద్దవాళ్ళమే భయపడతాం, వాడు భయపడడంలో వింతేముంది?

మన తెలుగువాళ్ళలో మొదటి కత్తెర ఇంట్లో పడదు. పుట్టువెంట్రుకలు దేవుడికి మొక్కుకుంటాం. తిరుమల కల్యాణకట్ట, అన్నవరం, సింహాచలం, వేములవాడ, యాదగిరిగుట్ట, ఎవరి ఇలవేల్పు వాళ్ళది. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి తీయిస్తాం. బేసి నెలో, బేసి సంవత్సరమో చూసుకుంటాం. ఫౌజీ ఇంట్లో దీనికొక చిక్కు ఉంది. తండ్రికి సెలవు దొరకాలి, మేనమామకి తీరిక ఉండాలి, రైలు రిజర్వేషన్ దొరకాలి, ఇవన్నీ కలిసిన రోజు ముహూర్తం ఉండాలి. అప్పటిదాకా కళ్ళల్లో పడే జుట్టుకి పిలక వేసి, క్లిప్పు పెట్టి తల్లి నెట్టుకొస్తుంది. ఆ మొక్కు తీరాక మొదలయ్యే పని గురించే నేను చెబుతున్నాను. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే రెండు నెలలకోసారి కత్తెర పని ఉండనే ఉంటుంది.

దుకాణానికి తీసుకెళ్ళొచ్చు కదా అంటారు. తప్పకుండా వెళ్ళొచ్చు. నాయీబ్రాహ్మణ సోదరుల పొట్ట కొట్టమని నేను చెప్పడం లేదు. తరాల నుంచి వచ్చిన వాళ్ళ చేతి పని మనకి రాదు. పిల్లాడు నాలుగైదేళ్ళవాడై బుద్ధిగా కూర్చునే వేళకి వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. కానీ మనం ఉద్యోగాలు చేసినచోట ఇంకో ఇబ్బంది ఉంది. ఇంట్లో తెలుగు తప్ప వినని పసివాడు ఝాన్సీలోనో, భటిండాలోనో కుర్చీ ఎక్కుతాడు. ఎవరో కొత్త మనిషి హిందీలో ఏదో అంటూ మెడకి గుడ్డ కట్టి తల వంచుతాడు. "ఏం కాదు నాన్నా" అని వాడి భాషలో చెప్పేవాళ్ళు ఆ చేతుల దగ్గర ఉండరు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. ఆ వెంటనే ఆపరేషన్ పరాక్రమ్ మొదలైంది. మేము సాపర్లం కాబట్టి సరిహద్దులో మైన్లు పరిచే పని మాది. కుటుంబం ఝాన్సీ క్వార్టర్‌లోనే ఉండిపోయింది. మావాడికి అప్పటికి రెండేళ్ళు దాటాయి. మా ఆవిడ వాణ్ణి బజారులో ఒక దుకాణానికి తీసుకెళ్ళింది. జనం ఎక్కువగా ఉన్నారు, అతనికి తొందర. వీడి తల గట్టిగా నొక్కిపట్టి పని ముగించాడు. ఆ తర్వాత వీడు దువ్వెన చూసినా మంచం కింద దూరేవాడు. రేర్ పార్టీలో మా యూనిట్ బార్బర్ ఒకతను ఉన్నాడు, బీహార్ మనిషి. సంగతి విని, "భాభీజీ, పహలే కంఘీ, ఫిర్ కైంచీ" అన్నాడట. ముందు దువ్వెన, తర్వాత కత్తెర. వారం పది రోజులు కత్తెర బయటికి తీయవద్దు, రోజూ ఊరికే తల దువ్వండి, దువ్వెన వాడి చేతికే ఇవ్వండి అని చెప్పాడు. కత్తెర పట్టుకోవడం కూడా అతనే నేర్పాడు. అప్పటినుంచి ఆవిడే ఇంట్లో కత్తిరించేది.

సైన్యాన్ని సరిహద్దు నుంచి వెనక్కి తీసుకుంటామని ప్రభుత్వం 2002 అక్టోబరులో ప్రకటించింది. నాకు సెలవు నవంబరులో దొరికింది. పదకొండు నెలల తర్వాత ఇంటికొస్తే మావాడు నన్ను చూసి తలుపు చాటుకి వెళ్ళి "అంకుల్ వచ్చాడు" అన్నాడు. ఇక్కడున్న ఫౌజీలకి ఆ మాట ఎలా ఉంటుందో నేను వివరించక్కర్లేదు. బొమ్మలు తెచ్చాను, మిఠాయి తెచ్చాను. తీసుకునేవాడు, మళ్ళీ తలుపు చాటుకే వెళ్ళేవాడు. వారం చూసి మా ఆవిడ ఒక పని చేసింది. నన్ను వరండాలో పీట మీద కూర్చోబెట్టి, భుజాల మీద తువ్వాలు కప్పి, దువ్వెన వాడి చేతికిచ్చి "అంకుల్‌కి కటింగ్ చెయ్యి" అంది. వాడు అరగంట నా తల దువ్వాడు. నీళ్ళు చల్లాడు, చెవులు లాగాడు, పెద్ద బార్బర్‌లా మెడ వంచమన్నాడు. మర్నాడు పీట మీద వాడు కూర్చున్నాడు, దువ్వెన నా చేతికొచ్చింది. వెంటనే నాన్నా అని పిలిచాడంటే అబద్ధం అవుతుంది. ఇంకో నాలుగు రోజులు అంకుల్‌నే. కాకపోతే పొద్దున్నే దువ్వెన పట్టుకుని నా దగ్గరికే వచ్చేవాడు. సెలవు అయిపోయేలోగా వాడి జుట్టు నేనే కత్తిరించాను, వాడు కదలకుండా కూర్చున్నాడు.

ఇక పని పద్ధతి చెబుతాను. యువ జవానులు, చిన్న కోడళ్ళు గుర్తుపెట్టుకోండి.

మొదటిది, వేళ. పిల్లాడు నిద్ర లేచి, కడుపు నిండా తిని, ఆడుకునే మూడ్‌లో ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. ఆకలితోనో, నిద్రమత్తుతోనో, జలుబు జ్వరంతోనో ఉంటే ఆ రోజు వద్దు. మంగళవారం, శుక్రవారం వద్దని పెద్దలంటారు, ఎవరి నమ్మకం వారిది. దీపాలు పెట్టాక వద్దన్న మాట మాత్రం నాకు బాగా నచ్చింది. పసివాడి చెవి పక్కన కత్తెర ఆడించాలంటే పగటి వెలుతురే కావాలి.

రెండోది, సామాను. కుట్టు కత్తెర, వంటింటి కత్తెర పనికిరావు. పదును లేనిది జుట్టుని కోయదు, లాగుతుంది. చిన్నగా ఉండి, మొన గుండ్రంగా ఉన్న జుట్టు కత్తెర కొనండి. సన్న పళ్ళ దువ్వెన, నీళ్ళు చల్లే సీసా, మెత్తటి పాత నూలు చీర ముక్క, చిన్న అద్దం చాలు. బ్లేడు మాత్రం ఇంట్లో పసివాడి మీద వాడకండి. గుండు చేయించే పని చేతి నేర్పు ఉన్నవాళ్ళది. అక్కడ కూడా కొత్త బ్లేడు మన కళ్ళ ముందే వేయించాలి. ఒకరికి వాడిన బ్లేడుతో తామర దగ్గర్నుంచి కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి దాకా రావచ్చు.

మూడోది, ఇద్దరు మనుషులు. ఒకరి ఒళ్ళో పిల్లాడు, ఇంకొకరి చేతిలో కత్తెర. ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాళ్ళు వాడి చేతులు పట్టుకుని కథ చెప్పాలి, గట్టిగా బిగించకూడదు. ఏడాదిన్నర లోపు పిల్లలకి మాడు ఇంకా మెత్తగా ఉండవచ్చు, కొందరికి రెండేళ్ళ దాకా పూడదు. అక్కడ ఒత్తిడి పెట్టవద్దు.

నాలుగోది, కోత. జుట్టు కొద్దిగా తడిపి, చిక్కు తీసి, వెనక మెడ దగ్గర మొదలుపెట్టండి. దువ్వెనతో పాయ పైకి తీసి, ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, వేళ్ళకి బయట ఉన్నదే కత్తిరించాలి. అప్పుడు కత్తెరకి, చర్మానికి మధ్య ఎప్పుడూ మన వేళ్ళు ఉంటాయి. తెగితే మన వేలు తెగాలి గాని వాడి చర్మం తెగకూడదు. చెవి దగ్గర ఎడమచేత్తో చెవిని మడిచి మూసి పట్టుకోవాలి. తడి జుట్టు పొడుగ్గా కనబడుతుంది, ఆరాక పైకి పోతుంది. ఉంగరాల జుట్టయితే మరీను. కాబట్టి అనుకున్నదానికంటే కొంచెం తక్కువే తీయండి. నుదుటి మీది జుట్టు చివర్లో, కత్తెర నిలువుగా పట్టి కొంచెం కొంచెంగా తీయాలి. సుడి దగ్గర పొట్టిగా తీస్తే జుట్టు నిలబడుతుంది, అక్కడ కాస్త వదిలేయండి. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళని నానమ్మలు నవ్వుతారు, దానికి మన కత్తెర దగ్గర మందు లేదు.

ఐదోది, ట్రిమ్మర్. ఇప్పుడు అందరిళ్ళలో ఉంది. దానికి తగిలించే ప్లాస్టిక్ దువ్వెనల్లో సాధారణంగా 1 నంబరు సుమారు 3 మిల్లీమీటర్లు, 2 నంబరు 6, 3 నంబరు 10, 4 నంబరు 13 జుట్టు ఉంచుతాయి. పెద్ద నంబరుతో మొదలుపెడితే తర్వాత తగ్గించుకోవచ్చు. పిల్లాడికి భయం చప్పుడు గురించే. ముందు దూరంగా ఆన్ చేసి వినిపించండి, మీ చేతి మీద పెట్టుకుని చూపించండి, తర్వాత వాడి అరచేతికి వెనక వైపు ఆనించండి.

ఆరోది, ఆపడం. అన్నిటికంటే ఇది ముఖ్యం. ఏడుపు మొదలైతే కత్తెర పక్కన పెట్టి వాణ్ణి ఎత్తుకోండి. సగం తల ఈ రోజు, సగం రేపు. ఎగుడుదిగుడుగా ఉంటే ఉండనివ్వండి, రేపు పొద్దున వాడికి పరేడ్ లేదు. బలవంతంగా ముగించిన ఒక్క కటింగ్ వల్ల ఆ తర్వాతి పది కటింగ్‌లు యుద్ధాలవుతాయి. చిన్న గాటు పడితే శుభ్రమైన గుడ్డతో కాసేపు అదిమి పట్టండి. రక్తం ఆగకపోతే, గాటు లోతుగా ఉంటే సొంత వైద్యం మాని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అన్నీ అయ్యాక తలస్నానం, ఉతికిన చొక్కా. అద్దంలో ముఖం చూపించి "బాగున్నావురా" అనడం మరవకండి.

తల ఇంత దగ్గరగా చూడడంలో ఇంకో లాభం ఉంది. పేలు, ఈపులు, తామర మచ్చలు, పేనుకొరుకుడు, చెవి వెనక పుండ్లు ముందే కంటపడతాయి. అవి కనబడితే కత్తిరింపు ఆపి డాక్టరుకి చూపించాలి.

ఝాన్సీలో మా పక్క క్వార్టర్ ఒక సర్దార్జీది. వాళ్ళబ్బాయి, మావాడు ఒకే ఈడు. వాళ్ళు జుట్టుకి కత్తెర పెట్టరు, అది వారి ధర్మం. ఆ తల్లి రోజూ పొద్దున కొడుకు తల దువ్వి జూడా కట్టి పైన రుమాలు చుట్టేది. ఆ పది నిమిషాలూ ఇద్దరూ ఏవో కబుర్లు చెప్పుకునేవాళ్ళు. మావాడు కూడా దువ్వెన తీసుకెళ్ళి వరసలో కూర్చునేవాడు. కత్తెర ఉన్నా లేకపోయినా బిడ్డ తల మీద మన చెయ్యి పడడమే అసలు సంగతని నాకు అక్కడ బోధపడింది.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టినప్పుడు సెలూన్లు వారాల తరబడి మూతపడ్డాయి. మా కాలనీలో చిన్న పిల్లల తల్లిదండ్రులు నాకు ఫోను చేసి, వీడియోలో చూపిస్తూ, "అంకుల్, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవారు. వాళ్ళందరికీ బీహార్ బార్బర్ మాటే చెప్పాను. ముందు దువ్వెన. ఆ అలవాటు కొందరి ఇళ్ళలో ఇప్పటికీ నడుస్తోంది.

యువ జవాను తమ్ముళ్ళకి ఒక్క మనవి. ఫౌజు మనకి ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవ్ ఇస్తుంది. అందులో రైలు ప్రయాణాలు, పెళ్ళిళ్ళు, పొలం పనులు, బ్యాంకు పనులు పోగా బిడ్డకి మిగిలేది కొంచెమే. పసివాడు మీ ర్యాంకు చూసి దగ్గరికి రాడు, తెచ్చిన బొమ్మ చూసి ఒక రోజు వస్తాడు. మీ చెయ్యి తల మీద పడి నొప్పి కలగలేదని తెలిస్తే రోజూ వస్తాడు. కనుక ఈసారి సెలవుకి వెళ్ళినప్పుడు మొదటి వారం కత్తెర తీయకండి. దువ్వెన ఒక్కటి చాలు.

 జై హింద్.