గోధుమ లేని వంటిల్లు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. నేను డాక్టర్ని కాను. ఆర్మీ సర్వీస్ కోర్‌లో సప్లై వైపు ఇరవయ్యారేళ్ళు చేసి సుబేదార్‌గా రిటైరయినవాణ్ణి. ఆటా, బియ్యం, పప్పు, చక్కెర తూచి ఇవ్వడం, లెక్క రాసుకోవడం నా ఉద్యోగం. అలాంటివాడి ఇంట్లోనే ఒక మనిషికి జీవితాంతం గోధుమ పనికిరాదని తేలితే ఆ ఇల్లు ఎలా నడుస్తుందో చెప్తాను. మందుల సంగతి డాక్టర్లు చెప్తారు. వంటిల్లు, చుట్టాలు, పండగలు, రైలు ప్రయాణాలు మాత్రం డాక్టరు చీటీలో ఉండవు.

2014లో మా మనవరాలికి ఆరేళ్ళు. మా అబ్బాయి కుటుంబం అంబాలాలో ఫ్యామిలీ క్వార్టర్స్‌లో ఉండేది. పిల్లకి పొట్ట ఉబ్బి ఉండేది, చేతులూ కాళ్ళూ పుల్లలు. క్లాసులో అందరికంటే పొట్టి. ఐరన్ టానిక్ నెలల తరబడి తాగినా రక్తం పెరగలేదు. నులిపురుగుల మందు వేశారు, ఫలితం లేదు. చివరికి పక్క క్వార్టర్‌లో ఉండే హర్యానా ఆవిడ మా కోడలితో, "దీదీ, గేహూఁ కీ ఎలర్జీ తో నహీఁ?" అంది. వాళ్ళ అన్నగారింట్లో ఒకరికి ఉందట. అప్పుడు రక్తపరీక్ష, తర్వాత గొట్టం వేసి పేగు ముక్క తీసి చూడడం. సీలియాక్ జబ్బు అని తేలింది.

ఉత్తరాదిలో దీన్ని గోధుమ ఎలర్జీ అంటారు. మాట సులువే గానీ అసలు సంగతి వేరు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండిని సాగేలా చేసేది అదే. అది లేకనే జొన్నరొట్టె అంచుల్లో పగులుతుంది. కొందరి ఒంట్లో గ్లూటెన్ పడగానే రక్షణ వ్యవస్థ తమ సొంత పేగు మీదే దాడి చేస్తుంది. మన సెంట్రీయే మన పోస్టు మీద కాల్పులు జరిపినట్టన్నమాట. చిన్నపేగు లోపల టర్కీ టవల్ పోగుల్లాంటివి ఉంటాయి, తిన్నదాని సారం పీల్చేవి అవే. అవి అరిగి టవల్ నున్నటి గుడ్డలా అయిపోతుంది. ఇక ఐరన్ టానిక్ ఎంత పోస్తే ఏం లాభం?

దీనికి కారణం గోధుమే అని తేల్చినాయన విల్లెం డికె అనే డచ్చి పిల్లల వైద్యుడు. అంతకు ముందే ఆయనకు గోధుమ మీద అనుమానం ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో 1944-45 చలికాలం హాలండ్‌లో భయంకరమైన కరువొచ్చింది, రొట్టె దొరకలేదు. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. యుద్ధం అయిపోయి రొట్టె మళ్ళీ వచ్చాక వాళ్ళ జబ్బు తిరగబెట్టింది. 1950లో ఆయన దీనిమీదే తన పరిశోధన గ్రంథం ఇచ్చారు. సప్లై ఆగితే జబ్బు తగ్గిందన్న మాట మా కోర్‌వాళ్ళకి మింగుడుపడేది కాదు, అయినా అదే జరిగింది.

"ఇది పంజాబీల జబ్బండీ, అన్నం తినే మనకెందుకు" అని ఎవరైనా అనొచ్చు. మన దేశంలోనే మూడు ప్రాంతాల్లో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2016లో అచ్చయింది. ఉత్తరాదిలో ఈ జబ్బు నూటికి 1.23 మందికి ఉంటే దక్షిణాదిలో 0.10 మందికే ఉంది. అయితే దీనికి వీలు కల్పించే జన్యువులు మాత్రం రెండు చోట్లా దాదాపు సమానంగానే ఉన్నాయి, నూటికి ముప్ఫై అయిదు పైచిలుకు. తేడా కంచంలో ఉంది. రోజుకి మనిషి తినే గోధుమ ఉత్తరాదిలో 455 గ్రాములు, దక్షిణాదిలో 25. జన్యువులు ఉన్నంతమాత్రాన అందరికీ జబ్బు వస్తుందని కాదు. కానీ మనవాడు పఠాన్‌కోట్‌కో అంబాలాకో పోస్టింగ్ మీద వెళ్ళి పిల్లలతో మూడుపూటలా రొట్టె తినడం మొదలుపెట్టాక ఆ 25 గ్రాముల లెక్క వాడికి వర్తించదు. ఆ మాటకొస్తే సికింద్రాబాద్‌లో షుగర్ పేరు చెప్పి రాత్రిపూట చపాతీలు తినని రిటైర్డ్ మనిషి ఎవరున్నారు? అందుకే రక్తం పెరగని పిల్లలుంటే, ఎదగని పిల్లలుంటే, ఎంతకీ తగ్గని విరేచనాలుంటే ఈ పరీక్ష గురించి డాక్టర్ని అడగండి. ఇంట్లో ఒకరికి ఉంటే తల్లిదండ్రులకీ తోబుట్టువులకీ కూడా చేయించాలి. మా వాళ్ళందరికీ చేయించాం, మిగతావాళ్ళకి లేదు.

ఒక్క హెచ్చరిక. పరీక్ష అయ్యేదాకా గోధుమ మానకూడదు. మానేస్తే రక్తంలో ఆనవాళ్ళు తగ్గిపోయి జబ్బున్నా లేనట్టు రావచ్చు. ఇప్పుడు సన్నబడడానికని గోధుమ మానేయడం ఫ్యాషనయింది. ఊరికే మానేసి, ఆర్నెల్ల తర్వాత పరీక్షకి వెళ్ళేవాళ్ళతో డాక్టర్లకి తలనొప్పి.

ఇక ఇంటి సంగతి. అప్పట్లోనే మా అబ్బాయికి ఫీల్డ్ పోస్టింగ్ వచ్చింది. కోడలు ఇద్దరు పిల్లలతో ఒంటరి. నేనూ మా ఆవిడా వెళ్ళి ఎనిమిది నెలలున్నాం. కోడలు పిల్లకి వేరే గిన్నెలు, వేరే పెనం పెడదామంది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి చూసి, "ఇంత గదిలో రెండు వంటిళ్ళా? ఇంట్లో గోధుమే వద్దు" అంది. మన క్వార్టర్ల వంటగది మీకు తెలుసు కదా. ఒకటే గట్టు, పిండి జల్లిస్తే పొడి గదంతా ఎగురుతుంది. అంతకంటే ముఖ్యం, అందరూ ఒకటి తింటుంటే ఆరేళ్ళ పిల్ల ఇంకోటి తినాలి. అది మా ఆవిడకి నచ్చలేదు. చపాతీ పీట, కర్ర, పిండి జల్లెడ పక్కింటికి వెళ్ళిపోయాయి. మా అబ్బాయి సెలవు మీద వచ్చినప్పుడు రొట్టె తినాలనిపిస్తే యూనిట్ లంగర్‌కి వెళ్ళి తినొచ్చేవాడు. వేరేగా వండుకుని జాగ్రత్తగా నడుపుకునే ఇళ్ళూ చూశాను. వాళ్ళు పిల్లకి కావలసింది ముందు వండి, మూతపెట్టి, తర్వాత గోధుమ పిండి తీస్తారు. ఆ వరస తప్పకపోతే అదీ నడుస్తుంది.

అన్నం, పప్పు, కూర, పెరుగు, ఇడ్లీ, దోసె, పెసరట్టు తినే మనకి నిజానికి సగం పని అయిపోయినట్టే. ఖరీదైన గ్లూటెన్ ఫ్రీ బిస్కట్ పొట్లాలకోసం ఢిల్లీ తిరగనక్కర్లేదు. చిక్కంతా చిల్లుల దగ్గర వస్తుంది. మొదటి చిల్లు రవ్వ. ఇడ్లీ రవ్వ బియ్యంది, బొంబాయి రవ్వ గోధుమది, రెంటినీ మనం రవ్వే అంటాం. పెసరట్టు మంచిదే, అందులో ఉప్మా పెడితే చెడింది. రాగిమాల్ట్ అని ఇంట్లో కాచేది ఒట్టి రాగిజావ, పిల్లకి పెట్టొచ్చు. హార్లిక్స్‌లో ఉండే మాల్ట్ బార్లీది, అందులో గోధుమ కూడా ఉంది. సోయా సాస్‌లో చాలావరకు గోధుమ ఉంటుంది.

ఇంగువ మాకు పెద్ద దెబ్బ. బజారులో దొరికే ఇంగువ చాలావరకు అసలు ఇంగువ కాదు, పిండిలో కలిపినది. ఉత్తరాదిలో ఆ పిండి తరచు మైదా. పప్పులో, చారులో, పులిహోరలో చిటికెడు చొప్పున రోజూ వెళుతుంది. బియ్యప్పిండి కలిపినట్టు రాసి ఉన్న డబ్బా దొరికేదాకా కొన్ని నెలలు వెల్లుల్లి పోపుతో గడిపాం. ఇంగువ లేని పులిహోర తినడం పిల్లకంటే నాకే కష్టమైంది.

తర్వాత చక్కీ. జొన్నలు కొని పిండి పట్టిస్తే సరిపోతుందనుకుంటారు. మరలో ముందు పట్టించినవాళ్ళ గోధుమపిండి ఎంతో కొంత మన డబ్బాలోకి వస్తుంది. నేను పిండి మనిషిని కాబట్టి అది మొదటిరోజే కనిపెట్టాను. జొన్నలు ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లోనే మిక్సీలో పట్టేవాళ్ళం. మా శ్రీకాకుళంవాళ్ళం, మాకు చోడి అంబలి తెలుసు గానీ జొన్నరొట్టె రాదు. కంటోన్మెంట్‌లోనే ఒక హవల్దారు భార్య, నిజామాబాద్ అమ్మాయి, వచ్చి నేర్పింది. నీళ్ళు మరిగించి పోయాలి, వేడిమీదే మర్దించాలి, అరచేత్తో తట్టాలి. మా ఆవిడ మొదటివారం చేసినవి ఇండియా మ్యాపుల్లా ఉండేవి. నవరాత్రులప్పుడు అక్కడి దుకాణాల్లో ఉపవాసాలకని కుట్టూ పిండి, సింఘాడా పిండి అమ్ముతారు. అవి గోధుమ జాతి కాదు, అయినా ఎక్కడ పట్టారో అడిగి కొనాలి. ఒట్టి తెల్లన్నంతో సరిపెట్టకూడదని డాక్టరు చెప్పారు. రాగులు నూరు గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, అందుకని జావ రోజూ ఉండేది.

ఏడాది తిరిగేసరికి పొట్ట లోపలికి పోయింది. గౌన్లు పొట్టివైపోతుంటే కోడలు సంతోషంతో కొత్తవి కుట్టించేది.

వంటిల్లు దారికొచ్చినా చుట్టాలు రారు. "ఒక్క ముక్కకి ఏమవుతుందండీ" అన్నమాట నేను కనీసం వందసార్లు విన్నాను. దానికి నా సమాధానం తూకంతోనే. గ్లూటెన్ ఫ్రీ అని అమ్మాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. నా తూకాల్లో అంత చిన్నది ఎప్పుడూ లేదు. రోజుకి 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు లోపలికి వెళితే చాలు, మానిన పేగు మళ్ళీ దెబ్బతింటుందని పరిశోధనలో కనబడింది. ఒక చపాతీలో రెండు మూడు గ్రాములు ఉంటుంది. అంటే చపాతీలో యాభయ్యో వంతు, గోటితో గిల్లినంత. పైగా తిన్న వెంటనే ఏమీ కాకపోవచ్చు. ఏమీ కాలేదు కదా అని ఇంకో ముక్క పెడతారు.

ఊళ్ళో ఒక పెళ్ళిలో పిన్ని వరస ఒకావిడ, "పిల్ల కడుపు మాడుస్తున్నారు" అని చాటుగా మడతకాజా పెట్టింది. రెండు రోజులు వాంతులు. ఆవిడకి పిల్లంటే ప్రేమ లేక కాదు, పెట్టకపోవడం కూడా ప్రేమేనని మన వాళ్ళకి అలవాటు లేదు. పండగలకి మా ఆవిడ జాబితా మార్చేసింది. ఉగాదికి బొబ్బట్లు పోయి పూర్ణాలు వచ్చాయి. బియ్యప్పిండితో బొబ్బట్లు ఒకసారి ప్రయత్నించింది గానీ వాటికి ఇంకా పేరు పెట్టలేదు. సంక్రాంతికి అరిసెలు, జంతికలు, సున్నుండలు ఎలాగూ ఉన్నాయి. సేమియా బదులు సగ్గుబియ్యం పాయసం.

మా అబ్బాయి ఫీల్డ్ నుంచి క్షేమంగా వచ్చాక మొక్కు ప్రకారం అన్నవరం వెళ్ళి వ్రతం చేసుకున్నాం. అక్కడి ప్రసాదం గోధుమనూకది, నెయ్యి, బెల్లం వేసి ఆకు పొట్లంలో ఇస్తారు. పిల్ల చేతిలో పొట్లం పెట్టుకుని వాసన చూసింది. వాళ్ళ నాన్న రావాలని రోజూ దండం పెట్టుకున్నది అదే కదా. ఎవరూ ఏమీ అనలేకపోయాం. అదే కళ్ళకద్దుకుని, "నానమ్మా, నా వంతు నువ్వు తిను" అని ఇచ్చింది. మా ఆవిడ తింటూ ఏడ్చింది. తర్వాత పిల్లకి కొబ్బరి ముక్క, అరటిపండు పెట్టాం.

ఆడపిల్ల కాబట్టి ఇంకో సలహా కూడా వచ్చింది. "ఎవరికీ చెప్పకండి, రేపు పెళ్ళి కావాలి" అని. నేనూ మా అబ్బాయీ ఒప్పుకోలేదు. దాస్తే అత్తారింట్లో మొదటిరోజు నుంచే గోధుమ తినాలి. తినీ తినకుండా ఎన్నాళ్ళు నటిస్తుంది? ఇప్పుడు పిల్లకి పదిహేడు దాటాయి, ఇంటర్ చదువుతోంది, వాళ్ళమ్మకంటే పొడుగు. ఎక్కడికెళ్ళినా తనే ముందుగా చెప్తుంది. ఎన్‌సీసీ క్యాంపుకి వెళితే వంటవాణ్ణి పట్టుకుని, రొట్టెలు మొదలుపెట్టకముందే తన అన్నం, పప్పు తీయించుకుంది. మిగతా పూటలకి అటుకులు, వేయించిన వేరుశనగలు సంచీలో ఉన్నాయి. రైల్లో అయితే పులిహోర, పెరుగన్నం, ఉడికించిన గుడ్లు. పాంట్రీ కట్లెట్ మీద రొట్టె పొడి ఉంటుంది, సూపు చిక్కబడటానికి మైదా వేస్తారు.

సర్వీసులో ఉన్నవాళ్ళకి ఒక మంచి మాట. 2023 మార్చిలో ఆర్మీ రేషన్‌లో జొన్న, సజ్జ, రాగి పిండ్లు మళ్ళీ పెట్టారు. అర్ధశతాబ్దం కిందట గోధుమపిండి వచ్చి వాటిని పక్కకి నెట్టింది. బియ్యం, ఆటా కోటాలో నాలుగో వంతు దాకా వాటిని తీసుకోవచ్చన్నారు. ఈ జబ్బు కోసం చేసింది కాదది, చిరుధాన్యాల సంవత్సరమని చేశారు. ఆ పిండి ఏ మరలో ఆడిందో తెలియకుండా మా పిల్లకి పెట్టను గానీ, నేను సర్వీసులో ఉండగా జొన్నపిండి తూచలేకపోయానే అని మాత్రం అనిపించింది.

ఇందాక మెట్ల దగ్గర ఒక పాత మిత్రుడు ఆపి, ఈ జబ్బుంటే రమ్ము మానాలా అని అడిగారు. రమ్ము చెరకు మడ్డి నుంచి వచ్చేది, అందులో గ్లూటెన్ లేదు. బీరు బార్లీది, అది కూడదు. ఆయనకి జబ్బు లేదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. కింద భోజనాల్లో పెసరట్లు రెండు పెనాల మీద వేస్తున్నారు. ఎడమవైపు పెనం మీద ఉప్మా వేయవద్దని వంటవాళ్ళకి చెప్పి ఉంచాను, కావలసినవాళ్ళు అటు రండి. జైహింద్.