శాఖ పేరు – ప్రతి గుర్తు



ఒకే తరగతిలో ఒక పాఠ్యపుస్తకపు రెండు ముద్రణలు చేరినప్పుడు కలిగే చిక్కు ఉపాధ్యాయులందరూ ఎరిగినదే. "నలభై రెండవ పుట తీయండి" అనగానే కొందరికి పద్యము, కొందరికి అభ్యాసము కనిపిస్తుంది. పుస్తకం పేరు ఒకటే, ముద్రణ వేరు. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారు ఎదుర్కొనే ఒక ముఖ్య సమస్య ఇటువంటిదే.

ఈ కాలమున ప్రోగ్రాములలో అధిక భాగము ఇతరులు వ్రాసిన ప్యాకేజీలపై ఆధారపడి నిలుస్తాయి. ఆ ప్యాకేజీల మూలప్రతులను, వాటిలో జరిగిన ప్రతి మార్పును భద్రపరచేందుకు 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన 'గిట్' సాధనము విస్తారంగా వాడుకలో ఉంది. అందులో ఒకే మూలము నుండి పలు శాఖలు చీలుతాయి. ఒక శాఖలో పరీక్షకు నిలిచిన రచన ఉంటే, మరొక దానిలో ఇంకా విడుదల కాని సవరణలు ఉండవచ్చు. ఆ సవరణ వెంటనే కావలసినవారు శాఖ పేరు చెప్పి ప్యాకేజీని తెచ్చుకోవచ్చు. రస్ట్ భాషవారి 'కార్గో'లో 'బ్రాంచ్' అనే మాట ఎదుట ఆ పేరు వ్రాస్తారు. 'ఎన్‌పీఎం'లో చిరునామా చివర హ్యాష్ గుర్తు పెట్టి వ్రాస్తారు. పైథాన్ వారి 'పిప్'లో ఎట్ గుర్తు పెట్టి వ్రాస్తారు.

సౌకర్యము గొప్పదే. కాని శాఖ నిలకడగా ఉండదు. పేరు మారకుండానే అందులోని రచన మారుతూ ఉంటుంది. నేడు పనిచేసిన ప్రోగ్రాము, యజమాని ఒక్క అక్షరము దిద్దకున్నను, రేపు విఫలము కావచ్చు. 'ట్యాగ్' అనే విడుదల గుర్తును సైతము వేరొక ప్రతిపైకి మార్చవచ్చు. 2025 మార్చిలో 'టీజే-యాక్షన్స్' వారి 'చేంజ్డ్-ఫైల్స్' అనే సాధనము విషయములో జరిగినది ఇదే. దుండగులు దాని ట్యాగులను హానికరమైన ప్రతిపైకి మళ్ళించారు. అప్పుడు దానిని వాడుకొనే భాండారాలు 23,000కు పైబడి ఉండేవి. వాటిలో కొన్నింటి రహస్య సంకేతపదాలు పని నివేదికలలో బయటపడ్డాయి. మంచి ప్రతి గుర్తును మునుపే వ్రాసి ఉంచుకొని, దానిని మార్చనివారికి ఆ ముప్పు సోకలేదు.

ఆ గుర్తునే 'కమిట్' సంఖ్య అంటారు. సాధారణంగా అది నలభై అక్షరాలది. రచనలోని విషయము నుండే గణించబడుతుంది. కనుక విషయము మారితే సంఖ్యయూ మారుతుంది. కార్గో, ఎన్‌పీఎం సాధనాలు తెచ్చిన ప్రతి సంఖ్యను 'లాక్' పత్రములో తామే నమోదు చేస్తాయి. శాఖ పేరు వ్రాసినవారు సైతము ఆ పత్రమును ప్రోగ్రాముతో పాటు భద్రపరచవలెను.

అయితే ఒకసారి బిగించి మరచుట కూడ ప్రమాదమే. దోష సవరణలు, రక్షణ సవరణలు అటువంటివారికి అందవు. నియమిత కాలమున క్రొత్త ప్రతిని పరిశీలించి, పరీక్షించి, తెలిసి తెలిసి సంఖ్యను మార్చుట విజ్ఞుల పద్ధతి. మార్పు రావలసినదే, అది వాడుకరి ఎరుకతో రావలెను.

ఈ వృత్తిలో ఉన్న పూర్వ విద్యార్థులు తాము ఎవరి శ్రమపై ఆధారపడుచున్నారో, అందులో ఏ ప్రతిపై ఆధారపడుచున్నారో స్పష్టముగా వ్రాసి ఉంచెదరు గాక. తరువాత వచ్చేవారికి వారు ఇవ్వదగిన మేలైన కానుక అదే.