ఆకలియు ఆనందమును: ఒక గ్రాహకము చరిత్ర



గంజాయిమొక్కలోని సారమును పోలిన ద్రవ్యములను మన శరీరము తనంతట తానే పుట్టించుకొనుచున్నదనియు, అవియే మన ఆకలిని, ఒంటిలోని కొవ్వును, కొంతమేరకు గుండె ఆరోగ్యమును సైతము నడుపుచున్నవనియు వినినచో కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. ఈ ద్రవ్యములకును, అవి తగులుకొను గ్రాహకములకును, వానిని పుట్టించి విరిచివేయు ఎంజైములకును కలిపి శాస్త్రజ్ఞులు ఎండోకన్నాబినాయిడ్ వ్యవస్థ యని పేరు పెట్టిరి. పేరు పుట్టినది పాశ్చాత్య ప్రయోగశాలలలోనే యైనను, దీని కథను నేను కలకత్తానుండి మొదలుపెట్టుదును.

1833లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా బంగాళమునకు వచ్చిన ఐర్లండు దేశీయుడు విలియం బ్రూక్ ఓషానెస్సీ (తరువాతి కాలమున ఈ దేశమున తంతితీగెలు వేయించినవాడును ఈయనయే) గంజాయిని గూర్చి ఇచటి వైద్యగ్రంథములు చెప్పినదానిని తెలిసికొని, ముందు జంతువులకును, పిమ్మట కీళ్లవాతము, ధనుర్వాతము, కలరా మొదలగు వ్యాధులతో బాధపడు రోగులకును ఆ సారమునిచ్చి పరీక్షించి, తన అనుభవములను 1839లో కలకత్తాలోని వైద్యసమాజమునకు నివేదించెను. అతడు గమనించిన ఫలములలో మూడు మనకు కావలసినవి: పెక్కుమందికి నొప్పి తగ్గినది, అందరికిని ఆకలి విశేషముగా పెరిగినది, మనస్సు ఉల్లాసము పొందినది. భంగకు జఠరదీప్తి కలిగించు గుణము కలదని భావప్రకాశకారుడు అంతకుముందే చెప్పియుండెను గనుక ఆకలి మాట మనవారికి క్రొత్తది కాదు. కాని ఆకలియు ఉల్లాసమును ఒకే పట్టికలో ప్రక్కప్రక్కన నిలిచియుండుట యాదృచ్ఛికము కాదని లోకము గ్రహించుటకు దాదాపు 170 సంవత్సరములు పట్టినది. అదియు ఒక ఘనమైన ఔషధము కూలిపోయిన తరువాతనే.

రసాయనశాస్త్రము ఈ మొక్క విషయమున చాలకాలము తడబడినది. నల్లమందునుండి మార్ఫీనును 19వ శతాబ్ది ఆరంభముననే వేరుచేయగలిగినవారికి, ఒకదానినొకటి పోలిన పెక్కు పదార్థములతో నిండిన గంజాయిజిగురు లొంగలేదు. తుదకు 1964లో ఇజ్రాయేలునందలి రెహోవోత్ నగరమున రఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గావోనీ అనువారు మత్తునకు మూలమైన టీహెచ్‌సీ యను పదార్థమును శుద్ధరూపమున సాధించి, దాని నిర్మాణమును తెలిపిరి. మెషూలమ్ తన పరిశోధనకు కావలసిన 5 కిలోల హషీషును పోలీసులయొద్ద పుచ్చుకొని, సంచిలో పెట్టుకొని, బస్సెక్కి ప్రయోగశాలకు తెచ్చుకొనెనట. తోడి ప్రయాణికులు ఆ వాసనకు ముక్కులు ఎగబీల్చియుందురు.

పదార్థము దొరికినది గాని, అది శరీరములో ఎచట పనిచేయునో తెలియుటకు మరి 24 సంవత్సరములు గడిచినవి. 1988లో అమెరికాలోని సెయింట్ లూయీ విశ్వవిద్యాలయమున ఆలిన్ హౌలెట్ అను విదుషియు, ఆమె శిష్యుడు విలియం డివేనును ఎలుకమెదడులో ఈ పదార్థమును పట్టుకొను గ్రాహకము కలదని నిరూపించిరి. 1990లో లీసా మత్సుదా మొదలగువారు దానిని నిర్మించు జన్యువునే చేపట్టిరి. ఆ గ్రాహకమునకు సీబీ-1 అని పేరు. రక్షణవ్యవస్థకు చెందిన కణములలో ముఖ్యముగా కనబడు సీబీ-2 అను దాని సోదరి 1993లో బయల్పడినది. అంతట సహజముగనే ఒక ప్రశ్న పుట్టినది. ఎన్నడును గంజాయి ముట్టని ఎలుక మెదడులో గంజాయికొరకు ఇంతటి విస్తారమైన ఏర్పాటు ఎందుకు? శరీరములోనే పుట్టు మరియొక ద్రవ్యముకొరకే అది యుండవలెను. డివేను, చెక్ దేశీయుడగు లూమిర్ హనుష్, మెషూలమ్ కలిసి జెరూసలేములో పందిమెదడులను వడగట్టి, 1992లో అట్టి కొవ్వుజాతి ద్రవ్యము నొకదానిని కనుగొని, సంస్కృతమునుండి మాట తీసికొని దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టిరి. 1995లో 2-ఏజీ అను రెండవది ఇజ్రాయేలునందును జపానునందును వేర్వేరుగా బయల్పడినది.

ఈ ద్రవ్యముల నడవడి చిత్రమైనది. తక్కిన నాడీసందేశములు ముందే తయారై సంచులలో నిలువయుండగా, ఇవి అవసరమైన క్షణమున కణపు పొరలోని కొవ్వునుండి పుట్టును. పని తీరగనే ఎంజైములు వీనిని విరిచివేయును. అంతకంటె విశేషమేమనగా, ఇవి సందేశమును అందుకొన్న నాడీకణమునుండి, పంపిన కణమునొద్దకు వెనుకకు పోవును. చెరువు క్రింది మడి నిండిన రైతు, తూము మూయుమని నీరుగంటికి కబురు పంపినట్లు, ఇక చాలునని ఇవి ఎగువకు తెలుపుచున్నవి.

ఇది ఒక పాయ. రెండవ పాయ గుండెవ్యాధినుండి బయలుదేరినది. 1947లో ఫ్రాన్సుదేశమున మార్సెయిల్లో జాన్ వాగ్ అను వైద్యుడు, స్థూలకాయులందరును ఒకేవిధముగ ప్రమాదమునకు లోనుకారనియు, తుంటికంటె పైభాగమున కొవ్వు చేరినవారికే మధుమేహము, రక్తనాళవ్యాధి విశేషముగా సోకుననియు వ్రాసెను. 1988లో జెరాల్డ్ రీవెన్ అనునతడు ఇన్సులిను నిరోధము, రక్తపుపోటు, ట్రైగ్లిజరైడుల హెచ్చు, మేలుచేయు హెచ్‌డీఎల్ తగ్గుట అను లక్షణములు గుంపుగా నడచునని చూపెను. 1994లో న్యూయార్కున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము, కొవ్వుకణములు మెదడునకు పంపు తృప్తిసందేశమగు లెప్టినును కనుగొనెను.

ఈ రెండు పాయలును 2001లో కలిసినవి. లెప్టిను లోపించిన స్థూలపు ఎలుకల మెదడులో, ఆకలిని నడుపు భాగమున, ఎండోకన్నాబినాయిడులు పెచ్చుపెరిగియున్నవనియు, లెప్టిను ఇచ్చినచో అవి తగ్గుననియు విన్సెంజో డి మార్జో, జార్జ్ కూనోస్ మొదలగువారు వెల్లడించిరి. ఆ కాలముననే ఇజ్రాయేలున ఎస్తేర్ ఫ్రీడ్ చేసిన పరిశోధన నా దృష్టిలో ఇంతకంటె గంభీరమైనది: పుట్టిననాడే ఎలుకపిల్లలకు సీబీ-1 గ్రాహకమును మూసివేయు మందు నిచ్చినచో అవి పాలు కుడువనేరక మరణించినవి. ఈ వ్యవస్థ మత్తుకొరకు పుట్టినది కాదు, తొలిగుక్క పాలకొరకు పుట్టినది. ఆ తరువాత సీబీ-1 లేకుండ పెంచిన ఎలుకలు కొవ్వుమేతపై పెరిగియు బలియకుండుటయు, 2005లో ఆ గ్రాహకము కాలేయమునందును కొవ్వుతయారీని ప్రేరేపించుటయు తేలెను. పొట్టలోపలి కొవ్వు పెరిగినవారి రక్తములో 2-ఏజీ అధికముగా నుండుటయు పిమ్మట కనబడినది. వాగ్ 1947లో కంటితో చూచి చెప్పినదానికి ఒక రసాయనిక సాక్ష్యము దొరికినట్లయినది.

ఇంతలో ఫ్రాన్సుదేశపు సనోఫీ కంపెనీ 1994లోనే వెలువరించిన రిమోనబాంట్ అను సీబీ-1 నిరోధకము మనుష్యులపై పరీక్షింపబడుచుండెను. 2005లో వెలువడిన ఐరోపా పరీక్షలో 1,507 మంది పాల్గొనగా, దినమునకు 20 మిల్లీగ్రాములు పుచ్చుకొన్నవారు ఒక సంవత్సరమున సగటున 6.6 కిలోలును, ఉత్తిమాత్ర పుచ్చుకొన్నవారు 1.8 కిలోలును తగ్గిరి. నడుము తగ్గినది, హెచ్‌డీఎల్ పెరిగినది, ట్రైగ్లిజరైడులు దిగినవి. బరువు తగ్గుటచేత మాత్రమే రావలసినదానికంటె ఈ మేలు అధికమని వైద్యులు లెక్కగట్టిరి. 2006 జూనులో ఐరోపాలో అనుమతి లభించినది. 2007 జూనులో అమెరికా సలహాసంఘము 14 మందియు ఏకగ్రీవముగా వలదనిరి. ఏలనన, ఈ మందు తినువారిలో దిగులు, ఆందోళన, ఆత్మహత్యాలోచనలు హెచ్చుచుండెను. 2008 అక్టోబరులో ఐరోపాయును దాని విక్రయమును నిలిపివేసినది. 18,695 మందితో గుండెపోటు, పక్షవాతముల నివారణకై సాగుచున్న మహాపరీక్ష నడుమనే ఆగిపోగా, చూడవలసిన ప్రమాదములు మందు తిన్నవారిలో నూటికి 3.9, తిననివారిలో నూటికి 4.0 అని తేలెను. ఆత్మహత్యలు మందు వైపున నాలుగు, రెండవ వైపున ఒకటి. రక్తపరీక్షలోని అంకెలు మెరుగుపడినంతమాత్రమున గుండెకు రక్షణ కలుగునని అంతకాలము తలపోసినవారు ఈ సంఖ్యలను మరియొకసారి చదువుకొనదగును. మన దేశమునను అమ్ముడైన ఈ మందును భారతప్రభుత్వము 2009 డిసెంబరులో నిషేధించినది.

దీనిని దురదృష్టమనుట నాకు సమ్మతము కాదు. ఆకలిని పెంచునదియు మనస్సును తేలికపరచునదియు ఒకే గ్రాహకమని తెలిసియు, ఒకదానిని మూసి రెండవదానిని తెరచియుంచగలమని నమ్ముటలో శాస్త్రముకంటె తొందరపాటు ఎక్కువ. ఓషానెస్సీ పట్టికను తలక్రిందుగా చదివినను ఈ ఫలితము ఊహింపదగినదే.

జన్యువుల సంగతి వేరు. ఆనందమైడును విరుచు ఎఫ్ఏఏహెచ్ అను ఎంజైమునకు జన్యువు 1వ క్రోమోజోముపై నున్నది. దానిలో ఒక అక్షరము మారి, ప్రోటీనులోని 129వ స్థానమున ప్రోలీనునకు మారుగా త్రియోనీను చేరినచో ఎంజైము బలహీనమై ఆనందమైడు నిలిచిపోవును. అట్టివారు లావెక్కుదురని 2005లో ఒక పరిశోధన సూచింపగా, రెండేండ్లకే డెన్మార్కున 5,801 మందిని చూచినవారికి అట్టి సంబంధమేమియు కనబడలేదు. 6వ క్రోమోజోముపై నున్న సీబీ-1 జన్యువును గూర్చియు ఇట్లే కొందరు ఔననగా మరికొందరు కాదనిరి. ఒక్క జన్యువు ఒక్క రోగమునకు కారణమను సులభసూత్రము ఇచట చెల్లదు. స్థూలత్వమునకు అన్నిటికంటె ప్రసిద్ధమైన ఎఫ్‌టీఓ అను జన్యుభేదమైనను, 2007 నాటి లెక్కప్రకారము, తల్లినుండియు తండ్రినుండియు రెండు ప్రతులు పొందినవారిని సగటున సుమారు 3 కిలోలు మాత్రమే బరువెక్కించును. హైదరాబాదునందలి సీసీఎంబీలో గిరిరాజ్ చందక్, పూణెనగరపు చిత్తరంజన్ యాజ్ఞిక్ మొదలగువారు 2009లో ప్రకటించిన పరిశోధనలో, ఈ ఎఫ్‌టీఓ భేదము భారతీయులలో మధుమేహముతో గట్టిసంబంధము కలిగియున్నదనియు, ఆ సంబంధములో కొంతభాగము మాత్రమే బరువుచేత వివరింపదగుననియు తేలినది.

ఈ మాట మనకు ముఖ్యము. యాజ్ఞిక్ తనకును లండను వైద్యుడు జాన్ యుడ్కినునకును తీయించిన లెక్క యొకటి 2004లో లాన్సెట్ పత్రికలో వెలువడినది. ఇరువురి బరువుసూచికయు 22.3 మాత్రమే, కాని యుడ్కిను శరీరమున కొవ్వు నూటికి 9.1 వంతులు, యాజ్ఞికుని శరీరమున 21.2 వంతులు. అద్దములో సన్నగా కనబడు మన మధ్యవయస్కులు వైద్యునియొద్ద చక్కెర అధికమని విని నివ్వెరపోవుటకు కారణము ఇందు కొంత కలదు. వారికి కాటాకంటె నడుముచుట్టు పెట్టు టేపే మేలు.

ప్రస్తుతము పరిశోధకులు సీబీ-1ను మెదడునందు విడిచిపెట్టి, కాలేయము, కొవ్వు, మూత్రపిండములందు మాత్రమే మూయు మందులను వెదకుచున్నారు. వానిలో మోన్‌లునబాంట్ అను దానిని డెన్మార్కు కంపెనీ నోవో నార్డిస్క్ 2023లో కొనుగోలుచేసిన సంస్థ రూపొందించినది. 2024లో వెలువడిన ఫలితమున, 10 మిల్లీగ్రాములు పుచ్చుకొన్నవారు 16 వారములలో 7.1 కిలోలు తగ్గగా, ఉత్తిమాత్రవారు 0.7 కిలో తగ్గిరి. మోతాదు పెంచినకొలది బరువు మరికొంత మాత్రమే తగ్గినది. ఆందోళన, చిరాకు, నిద్రలేమి మాత్రము మోతాదుతోపాటు పెరుగుచు వచ్చినవి.